పాలిమర్ మిశ్రమ ఘన ఎలక్ట్రోలైట్లు: లోపలి నిర్మాణం, అయాన్ల ప్రయాణం

రెండు పాలిమర్లను ఒకే ద్రావణిలో కరిగించి, అందులో తగినంత లవణం కలిపి, ద్రావణిని ఆరబెడితే పలుచని పొర మిగులుతుంది. చూడ్డానికి అది మామూలు ప్లాస్టిక్ పొర. అయితే దాన్ని రెండు లోహపు బిళ్లల మధ్య ఉంచి వోల్టేజి ఇస్తే లోపల అయాన్లు కదులుతాయి. దీన్నే పాలిమర్ మిశ్రమ ఘన ఎలక్ట్రోలైట్ అంటారు. బ్యాటరీలో ధన, రుణ ధ్రువాల మధ్య ఉండే ద్రవాన్ని తీసేసి ఆ చోట ఇలాంటి పొరను పెట్టాలన్న ప్రయత్నం ప్రపంచంలో దాదాపు 50 ఏళ్లుగా సాగుతోంది. హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయం, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగాల్లో ఈ పరిశోధన వరుసగా 1990ల నుంచి, 2000ల నుంచి విస్తారంగా జరిగింది. తెలుగు నేల మీద ఘనస్థితి అయానిక్స్ పేరు చెప్పగానే ముందు గుర్తుకు రావలసిన పని ఇదే.

ద్రవాన్ని తీసేయాలన్న పట్టుదలకు కారణం స్పష్టం. లిథియం అయాన్ బ్యాటరీలోని ద్రవం ఇథిలీన్ కార్బొనేట్, డైమిథైల్ కార్బొనేట్ వంటి సేంద్రియ ద్రావణుల మిశ్రమం. డైమిథైల్ కార్బొనేట్ ఆవిరి 18 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పంటుకునే స్థితికి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు ఇళ్లలో పేలి ప్రాణాలు తీశాయి. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. ఘన ఎలక్ట్రోలైట్ అనగానే ప్రమాదం పూర్తిగా తీరిపోతుందనుకోకూడదు. పాలిమర్ కూడా కాలుతుంది. కాకపోతే అది ఆవిరై వ్యాపించదు, పగిలిన సెల్ నుంచి కారదు. ఆ తేడా చిన్నది కాదు.

తొలి అడుగులు

ఘనపదార్థంలో అయాన్లు కదలగలవని మైకేల్ ఫారడే 1830ల్లోనే సిల్వర్ సల్ఫైడ్, లెడ్ ఫ్లోరైడ్‌లలో గమనించాడు. పాలిమర్ల సంగతి మాత్రం 1973లో మొదలైంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో పీటర్ రైట్, ఆయన సహచరులు పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ (ఇకపై పీఈవో) సోడియం, పొటాషియం లవణాలతో సంక్లిష్టాలు ఏర్పరుస్తుందని చూపించారు. ఆ సంక్లిష్టాలు విద్యుత్తును ప్రసరింపజేస్తాయని రెండేళ్లకు తేల్చారు. వీటిని బ్యాటరీలో వాడవచ్చని 1978లో గట్టిగా ప్రతిపాదించినవాడు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కు చెందిన మిషెల్ ఆర్మాండ్.

మొదట్లో అందరూ అయాన్లు పీఈవో స్ఫటికంలోని సర్పిలాకార గొలుసు లోపలి సొరంగం గుండా పోతాయని అనుకున్నారు. ఆ చిత్రం ఎంత అందంగా ఉన్నా నిజం అది కాదని 1983లో బెర్తియే, ఆర్మాండ్ బృందం కేంద్రక అయస్కాంత అనునాదంతో నిరూపించింది. అయాన్లు కదిలేది క్రమం తప్పిన భాగంలో, అంటే అస్ఫటిక భాగంలో. ఈ రంగం నడిచిన దారినంతా మార్చిన ఫలితం అది. ఆ తర్వాత పాలిమర్లను కలపడం, నానో కణాలు చేర్చడం, గొలుసులను మెత్తబరిచే ప్లాస్టిసైజర్లు పోయడం అన్నీ ఒకే లక్ష్యంతో జరిగాయి: స్ఫటికాలను తగ్గించడం.

గొలుసు ఊగితేనే అయాన్ కదులుతుంది

పీఈవో గొలుసులో ప్రతి రెండు కార్బన్ల తర్వాత ఒక ఆక్సిజన్ వస్తుంది. ఆక్సిజన్ దగ్గరున్న ఎలక్ట్రాన్ జంటలు లిథియం, సోడియం వంటి ధనాయాన్లను ఆకర్షిస్తాయి. ఒక్కో లిథియం అయాన్ చుట్టూ సాధారణంగా నాలుగైదు ఆక్సిజన్లు చేరతాయి. పీఈవోలో లవణం కరగడానికి కారణం ఈ బంధమే. అయితే అయాన్‌ను కట్టిపడేసేదీ ఇదే. ఒక ఆక్సిజన్‌ను వదిలి పక్క ఆక్సిజన్‌ను పట్టుకుంటేనే అయాన్ ముందుకు పోగలదు, అందుకు గొలుసు ముక్క వంగి దారి ఇవ్వాలి. ఇల్లు కట్టేచోట కూలీలు వరుసగా నిలబడి ఇటుకలు చేతి నుంచి చేతికి అందించుకుంటారు కదా, ఆ వరుసలో మనుషులు బిగుసుకుపోతే ఇటుక కదలదు. ఇక్కడా అంతే.

కాబట్టి వాహకతను శాసించేది గాజు పరివర్తన ఉష్ణోగ్రత. దానికి దిగువన గొలుసులు బిగుసుకుని ఉంటాయి, ఎగువన ఊగుతాయి. పీఈవోకు ఇది మైనస్ 60 డిగ్రీల దగ్గర ఉంది, అంటే గది ఉష్ణోగ్రతలో దాని గొలుసులు చాలా చురుకైనవి. దురదృష్టం ఏమిటంటే అవే గొలుసులు సులువుగా వరుసకట్టి స్ఫటికాలుగా మారతాయి. ఆ స్ఫటికాలు 65 డిగ్రీల దగ్గర కరుగుతాయి. లిథియం పెర్‌క్లోరేట్ కలిపిన పీఈవో వాహకత గది ఉష్ణోగ్రతలో సెంటీమీటరుకు 10⁻⁷ నుంచి 10⁻⁶ సీమెన్సుల మధ్య ఉంటుంది. 65 డిగ్రీలు దాటగానే అది 10⁻⁴ను మించుతుంది. ఉష్ణోగ్రతతో వాహకత మారే తీరును అర్హీనియస్ సరళరేఖ కన్నా వోగెల్, టామన్, ఫుల్చర్ సమీకరణపు వంపు రేఖ బాగా వివరిస్తుంది. ఆ రేఖలో అయాన్ కదలిక పూర్తిగా ఆగిపోయే ఊహాత్మక ఉష్ణోగ్రత, గాజు పరివర్తన ఉష్ణోగ్రత కన్నా సుమారు 50 డిగ్రీలు తక్కువగా వస్తుంది.

ఈ అంకెల అర్థం బ్యాటరీ భాషలో చూద్దాం. చదరపు సెంటీమీటరు వైశాల్యం, 100 మైక్రాన్ల మందం ఉన్న పొర వాహకత 10⁻⁶ అయితే దాని నిరోధం 10,000 ఓములు. ఒక మిల్లీ ఆంపియర్ తీసుకోవాలన్నా 10 వోల్టులు ఆ పొరలోనే పోతాయి. ఏ సెల్లూ అంత ఇవ్వలేదు. అదే పొర 20 మైక్రాన్లకు తగ్గి, వాహకత 10⁻⁴కు పెరిగితే నిరోధం 20 ఓములకు దిగుతుంది. అప్పుడది పనికొచ్చే వస్తువు. పోల్చి చూస్తే, ద్రవ ఎలక్ట్రోలైట్ వాహకత 10⁻² ప్రాంతంలో ఉంటుంది.

స్ఫటికం పూర్తిగా పనికిరానిదన్న మాటా నిలవలేదు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో పీటర్ బ్రూస్ బృందం 1993లో లిథియం ట్రైఫ్లేట్‌తో పీఈవో ఏర్పరిచే స్ఫటికంలో అణువుల అమరికను కనిపెట్టింది. అందులో లిథియం మూడు గొలుసు ఆక్సిజన్లతో, రెండు పక్క రుణాయాన్లలోని ఒక్కో ఆక్సిజన్‌తో బంధమై ఉంది. 2001లో అదే బృందం మరో రకం లవణంతో, ప్రతి ఆరు ఆక్సిజన్లకు ఒక లిథియం ఉన్న స్ఫటికాన్ని తయారుచేసింది. రెండు గొలుసులు కలిసి గొట్టంగా ముడుచుకుని లోపల లిథియంను మోస్తాయి, రుణాయాన్లు బయట ఉండిపోతాయి. అదే సంఘటనం ఉన్న అస్ఫటిక రూపం కన్నా ఇది మెరుగ్గా ప్రసరించింది. కానీ వాహకత ఇంకా తక్కువే కావడంతో ఇది బ్యాటరీ దాకా రాలేదు. సూత్రంగా మాత్రం గొప్ప ఆవిష్కరణ.

రెండో పాలిమర్ ఎందుకు?

పీఈవోలో మరో పాలిమర్‌ను కలిపితే దాని గొలుసులు వరుసకట్టలేవు. అస్ఫటిక భాగం పెరుగుతుంది. పొరకు బలం కూడా వస్తుంది. లాభాలు రెండూ నిజమే, వాటి ఖరీదూ నిజమే. కలిపే పాలిమర్ గొలుసు బిరుసైనదైతే మిశ్రమం మొత్తం గాజు పరివర్తన ఉష్ణోగ్రత పైకి పోతుంది. పాలీ మిథైల్ మెథాక్రిలేట్ (పీఎంఎంఏ) సంగతి చూడండి. దాని పరివర్తన ఉష్ణోగ్రత 105 డిగ్రీలు. ఫాక్స్ సూత్రంతో లెక్కిస్తే, పీఈవో 80 పాళ్లు, పీఎంఎంఏ 20 పాళ్లు ఉన్న మిశ్రమానికి మైనస్ 40 డిగ్రీలు వస్తుంది. సగం సగం కలిపితే మైనస్ 1 డిగ్రీకి చేరుతుంది. స్ఫటికాలు పోయాయన్న సంతోషం, గొలుసులు మందగించడంతో ఆవిరైపోతుంది. అందుకే దాదాపు ప్రతి మిశ్రమంలోనూ వాహకత ఒక పాళ్ల దగ్గర శిఖరానికి చేరి తర్వాత పడిపోతుంది. ఆ శిఖరం ఎక్కడుందో కనుక్కోవడమే సగం పరిశోధన.

అసలు రెండు పాలిమర్లు ఎప్పుడూ సులువుగా కలవవు. ఉప్పు నీళ్లలో కరిగితే అణువులు చెల్లాచెదురవుతాయి, ఎంట్రోపీ బాగా పెరుగుతుంది. పొడవాటి గొలుసులకు ఆ లాభం బహు స్వల్పమని ఫ్లోరీ, హగ్గిన్స్ 1940ల్లోనే లెక్కగట్టారు. కాబట్టి రెండింటి మధ్యా ప్రత్యేకమైన ఆకర్షణ ఉంటేనే అవి కలుస్తాయి. పాలీ వినైల్ ఆల్కహాల్ (పీవీఏ)లోని హైడ్రాక్సిల్ సమూహం, పాలీ వినైల్ పిరోలిడోన్ (పీవీపీ)లోని కార్బొనైల్ ఆక్సిజన్‌తో హైడ్రోజన్ బంధం ఏర్పరుస్తుంది. అందుకే ఆ జంట చక్కగా కలుస్తుంది. పీఈవో, పీవీపీ జంటలో ఆ పనిలో కొంత లవణం చేస్తుంది. ఒకే ధనాయాన్ ఒకవైపు పీఈవో ఆక్సిజన్‌ను, మరోవైపు పీవీపీ కార్బొనైల్‌ను పట్టుకుని రెండు గొలుసులనూ దగ్గరకు తెస్తుంది.

కలవకపోవడం కూడా ఎప్పుడూ దోషం కాదు. తమిళనాడులోని కారైక్కుడిలో ఉన్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ పాలీ వినైల్ క్లోరైడ్, పీఎంఎంఏ మిశ్రమాల మీద 2000 ప్రాంతంలో విస్తృతంగా పనిచేసింది. ప్లాస్టిసైజర్ పోసిన ఈ పొరల్లో రెండు ప్రావస్థలు విడిపోయి పక్కపక్కన ఉంటాయి. ప్లాస్టిసైజర్ నిండిన పీఎంఎంఏ భాగం అయాన్లను మోస్తుంది, పాలీ వినైల్ క్లోరైడ్ భాగం పొర చిరగకుండా నిలబెడుతుంది. ఎంత కలిసింది అన్నదానికన్నా, ప్రసరించే భాగం ఒక అంచు నుంచి మరో అంచుకు తెగకుండా సాగిందా లేదా అన్నదే ఇక్కడ అసలు విషయం.

లవణం మోతాదుకూ ఇలాంటి పరిమితే ఉంది. మొదట్లో లవణం పెంచేకొద్దీ అయాన్లు పెరిగి వాహకత పెరుగుతుంది. మోతాదు మించితే ధన, రుణ అయాన్లు జంటకట్టి విద్యుత్తును మోయడం మానేస్తాయి. పైగా ఒక్కో ధనాయాన్ చాలా ఆక్సిజన్లను పట్టుకోవడంతో గొలుసే బిగుసుకుపోతుంది. పీఈవో డైఎలక్ట్రిక్ స్థిరాంకం పదికి లోపే కాబట్టి, నీటిలోలాగా అయాన్లను విడదీసి ఉంచే శక్తి దానికి లేదు.

ఉస్మానియా, తిరుపతి

ఉస్మానియాలో యు.వి. సుబ్బారావు, ఎం. జైపాల్ రెడ్డి బృందం 1990ల మధ్య నుంచి పీఈవోలో సోడియం, పొటాషియం లవణాలు కలిపి పొరలు తయారుచేసి, వాటితో చిన్న విద్యుత్ రసాయన సెల్‌లు నిర్మించింది. పీఈవో, పొటాషియం నైట్రేట్ పొరల మీద వారి పత్రం 1999లో, పీవీపీ, సోడియం క్లోరేట్ వ్యవస్థ మీద 2001లో వచ్చాయి. తర్వాత నానో ఐరన్ ఆక్సైడ్ కణాలు కలిపితే పీఈవో స్ఫటికీకరణ ఎలా ఆగుతుందో తైవాన్ శాస్త్రవేత్తతో కలిసి పరిశీలించారు. తిరుపతిలో వి.వి.ఆర్. నరసింహారావు, ఎ.కె. శర్మ బృందం నేరుగా మిశ్రమాల మీదకే వెళ్లింది. పీవీపీ, పీవీఏలను కలిపి అందులో పొటాషియం క్లోరేట్ (2002), పొటాషియం అయొడేట్ (2003) చేర్చిన వారి పత్రాలు ‘జర్నల్ ఆఫ్ పవర్ సోర్సెస్’లో అచ్చయ్యాయి. మరో పదేళ్లకు పీఈవో, పీవీపీ మిశ్రమంలో సోడియం ఫ్లోరైడ్, సోడియం బ్రోమైడ్ కలిపి చూశారు.

పద్ధతి సరళమైనది. రెండు పాలిమర్లనూ నీటిలోనో మిథనాల్‌లోనో కరిగించి, లవణం చేర్చి గంటల తరబడి తిప్పుతారు. చిక్కటి ద్రవాన్ని పెట్రి పాత్రలో పోసి నెమ్మదిగా ఆరనిచ్చి, తర్వాత శూన్యంలో ఆరబెడతారు. సెల్ కోసం ఒకవైపు సోడియం లేదా పొటాషియం లోహం, మరోవైపు అయొడిన్, గ్రాఫైట్, ఎలక్ట్రోలైట్ పొడి కలిపి నొక్కిన బిళ్ల, మధ్యలో ఈ పొర. ఖరీదైన యంత్రాలు లేకుండా జిల్లా విశ్వవిద్యాలయంలోనూ చేయగల పని ఇది. తెలుగు రాష్ట్రాల్లో ఎందరో పరిశోధక విద్యార్థులు ఘనస్థితి భౌతికశాస్త్రం చేతులతో నేర్చుకున్నది ఇలాంటి పొరల మీదే, ఆ మేలు లెక్కలోకి తీసుకోవాలి.

పొరను ఎలా చదవాలి

ఎక్స్‌రే వివర్తనంలో పీఈవో స్ఫటికం 19, 23 డిగ్రీల దగ్గర పదునైన శిఖరాలు చూపుతుంది. పీవీపీ కలిపాక, లవణం కలిపాక ఆ శిఖరాలు కుంగి వెడల్పవుతాయి. పరారుణ వర్ణపటంలో పీఈవో ఈథర్ బంధానికి 1100 సెం.మీ⁻¹ చుట్టూ మూడు శిఖరాల గుంపు కనిపిస్తుంది. పీవీపీ కార్బొనైల్ 1660 ప్రాంతంలో ఉంటుంది. ధనాయాన్ ఎవరిని పట్టుకుందో ఈ రెండు చోట్ల జరిగే కదలిక చెబుతుంది. పెర్‌క్లోరేట్ లవణమైతే 624 దగ్గర స్వేచ్ఛగా ఉన్న అయాన్, 635 దగ్గర జంటకట్టిన అయాన్ విడివిడిగా తెలుస్తాయి. స్ఫటిక శాతానికి అవకలన క్యాలరీమెట్రీ ఉంది: పొర కరగడానికి తీసుకున్న ఉష్ణాన్ని, సంపూర్ణ స్ఫటిక పీఈవో తీసుకునే గ్రాముకు 213.7 జౌళ్లతో భాగించడమే. వాహకతను ఏకాంతర విద్యుత్ ఇంపిడెన్స్‌తో కొలుస్తారు. పలు పౌనఃపున్యాల దగ్గర వచ్చే అర్ధవృత్తం అక్షాన్ని తాకేచోట పొర నిరోధం దొరుకుతుంది.

ఈ రంగంలో వచ్చిన పత్రాలను చదివేవారు రెండు విషయాల్లో జాగ్రత్తపడాలి. ఒకటి తేమ. పీవీపీ గాలిలోని నీటిని ఆత్రంగా పీల్చుకుంటుంది. ఆ నీరే ప్లాస్టిసైజర్‌గా పనిచేసి వాహకతను పెంచుతుంది. వానాకాలంలో హైదరాబాద్ గదిలో కొలిచిన విలువకూ, పొడి ఆర్గాన్ నిండిన గ్లోవ్ బాక్సులో కొలిచిన విలువకూ చాలా తేడా రావచ్చు. సోడియం లోహం పక్కన నీరున్న పొరను పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రెండోది అయాన్ల వాటా. చాలా పత్రాలు వాగ్నర్ ధ్రువణ పద్ధతిలో అయాన్ల వాటా 0.9కి పైనే అని చూపిస్తాయి. ఆ కొలత ఎలక్ట్రాన్లు కదలడం లేదని మాత్రమే చెబుతుంది. కదిలేది ధనాయానా, రుణాయానా అన్నది చెప్పదు. బ్యాటరీకి కావలసింది లిథియం లేదా సోడియం ధనాయాన్ వాటా. దాన్ని కొలిచే పద్ధతిని విన్సెంట్, బ్రూస్ 1987లోనే ఇచ్చారు. ఆ పద్ధతిలో చూస్తే పీఈవో, లిథియం టీఎఫ్ఎస్ఐ అనే లవణం ఉన్న వ్యవస్థలో లిథియం వాటా సుమారు 0.2 మాత్రమే, మిగతా ప్రవాహం రుణాయాన్లది. మొత్తం వాహకత ఎంత పెరిగినా ఈ వాటా తగ్గితే లాభం లేదు. నిర్మాణం గురించి, అయాన్ల వాటా గురించి చెప్పకుండా వాహకత ఒక్కటే ఇచ్చిన పత్రాన్ని సగం పత్రంగానే భావించాలి.

తార్నాక నుంచి చర్లపల్లి దాకా

ఈ పదార్థాలకూ తూర్పు హైదరాబాద్‌కూ సంబంధం ఉస్మానియాతో ఆగదు. తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్లే దారిలో భారత రసాయన సాంకేతిక సంస్థ ఉంది. నిజాం కాలంలో 1944లో కేంద్ర ప్రయోగశాలలుగా మొదలై, 1956లో సీఎస్ఐఆర్ కిందికి వచ్చి, 1989లో ఇప్పటి పేరు పొందింది. పాలిమర్ల మీద అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. హబ్సిగూడ నుంచి ఉత్తరానికి తిరిగితే నాచారం, ఇంకా తూర్పుకి పోతే మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు. చర్లపల్లిలో ప్లాస్టిక్ సాంకేతిక శిక్షణకు పేరున్న సీపెట్ కేంద్రం నడుస్తోంది.

విశేషం ఏమిటంటే ఈ ఎలక్ట్రోలైట్లలో వాడే పాలిమర్లు మందుల పరిశ్రమకు రోజువారీ సరుకు. పీవీపీని మందులవాళ్లు పోవిడోన్ అంటారు. మాత్ర పొడిని గట్టిగా పట్టి ఉంచడానికి దాన్ని వాడతారు. గాయాలకు రాసే పోవిడోన్ అయొడిన్ మందు కూడా అదే పాలిమర్, అయొడిన్‌ల సంక్లిష్టం. పీవీఏను మాత్రల పైపూతలో, కంటి చుక్కల్లో వాడతారు. అధిక అణుభారమున్న పీఈవోను నెమ్మదిగా మందు వదిలే మాత్రల్లో వాడతారు. మందుల తయారీలో ఇంత అనుభవమున్న నగరంలో, శుద్ధమైన పాలిమర్‌ను తేమ లేకుండా నిల్వ చేయడం, కలపడం, పొరగా పోయడం కొత్త విద్య కాదు. ఆ అనుభవాన్ని బ్యాటరీ ప్రయోగశాలలు ఇంకా ఎక్కువగా వాడుకోవాలి.

వాడుకలో

శరీరంలోని పేస్‌మేకర్‌లో 1972 నుంచి వాడుతున్న లిథియం అయొడిన్ సెల్‌లో ఎలక్ట్రోలైట్ ఘనమే. అయితే అది పాలిమర్ కాదు, సెల్ లోపలే ఏర్పడే లిథియం అయొడైడ్ పొర. అయొడిన్‌ను పట్టి ఉంచే పనికి మాత్రం పాలీ వినైల్ పిరిడిన్ అనే పాలిమర్ ఉంటుంది. రోడ్డు మీదకు వచ్చిన తొలి పెద్ద పాలిమర్ బ్యాటరీ ఫ్రాన్స్‌లోని బొలోరే సంస్థది. 2011 డిసెంబరులో ప్యారిస్‌లో మొదలై 2018 జులైలో ఆగిన ఆటోలిబ్ అద్దె కార్లు లిథియం లోహం, పీఈవో రకం ఎలక్ట్రోలైట్‌తో నడిచాయి. పొర బాగా ప్రసరించాలంటే బ్యాటరీని 60 నుంచి 80 డిగ్రీల దగ్గర ఉంచాలి కాబట్టి, నిలిపి ఉంచినప్పుడు కూడా వాటిని వేడిగా ఉంచాల్సి వచ్చింది. పీఈవో దాదాపు 4 వోల్టుల దగ్గర ఆక్సీకరణం చెందుతుంది. అందుకే దానికి ఐరన్ ఫాస్ఫేట్ ధ్రువం సరిపోతుంది గానీ నికెల్ ఎక్కువున్న ధ్రువాలు పడవు. పాలీ అక్రిలోనైట్రైల్, పాలీ వినైలిడీన్ ఫ్లోరైడ్ వంటి ఆక్సీకరణకు ఓర్చే పాలిమర్లను కలపడానికి ఇప్పుడున్న ముఖ్య కారణం ఇది.

అమరరాజా సంస్థ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో శంకుస్థాపన చేసిన కర్మాగారం లిథియం సెల్‌ల కోసమే. లిథియం గనులు లేని దేశానికి మరో దారి సోడియం. చైనాకు చెందిన సీఏటీఎల్ 2021లో సోడియం అయాన్ సెల్‌ను ప్రకటించాక ఆ దారి మీద ఆసక్తి బాగా పెరిగింది. ఉస్మానియా, తిరుపతి బృందాలు చౌకగా దొరుకుతాయని ఎంచుకున్న సోడియం లవణాల ఫలితాలకు అలా కొత్త విలువ వచ్చింది. అయితే క్లోరేటు వంటి లవణాలు తీవ్ర ఆక్సీకారకాలు, సెల్‌లో వాటిని ఉంచకూడదు. ఫ్లోరైడ్‌లో అయాన్ బంధం మరీ గట్టిది, పాలిమర్‌లో అది సరిగా విడిపోదు. వాటి చోట సోడియం టీఎఫ్ఎస్ఐ వంటి పెద్ద రుణాయాన్ ఉన్న లవణాన్ని పెట్టి, అదే పీఈవో, పీవీపీ మిశ్రమాన్ని నీటిజాడ లేని గ్లోవ్ బాక్సులో పోసి, వాహకతతో పాటు సోడియం వాటానూ కొలవడం ఇప్పుడు చేయాల్సిన పని.